నెగటివ్ మీద పెన్సిల్

జోన్ క్రాఫర్డ్ ఫోటోలు రెండున్నాయి. నిజానికి ఒకటే ఫోటో, ప్రింట్లే రెండు. 1931లో ‘లాఫింగ్ సిన్నర్స్’ సినిమా పబ్లిసిటీ కోసం జార్జ్ హరెల్ తీసింది. ఒకదాంట్లో ఆమె ముఖం నిండా చిన్న చిన్న మచ్చలు, కళ్ల కింద సన్నటి గీతలు. రెండోదాంట్లో అవేమీ ఉండవు, చర్మం పాలరాయిలా మెరుస్తూ ఉంటుంది. రెండూ పక్కపక్కన చూసినవాళ్లు ‘మోసం అప్పట్నుంచే ఉందన్నమాట’ అంటారు. నాకెందుకో ఆ మాట చాలదనిపిస్తుంది.

హరెల్ ఎమ్‌జీఎమ్ స్టూడియోకి వచ్చిన తీరే ఒక సినిమా కథ. నార్మా షేరర్‌కి ‘ద డివోర్సీ’లో నాయిక వేషం కావాలి. అంత ఘాటైన పాత్ర ఆమెకి నప్పుతుందని ఎవరూ అనుకోలేదు. నిర్మాణ వ్యవహారాలన్నీ చూసే భర్త ఇర్వింగ్ థాల్బర్గ్‌కే నమ్మకం కుదర్లేదు. ఆమె హరెల్ దగ్గరికెళ్లి, వేరే మనిషిలా ఫోటోలు తీయించుకొచ్చి భర్త ముందు పెట్టింది. వేషం వచ్చింది, దానికి ఆస్కారూ వచ్చింది. 1930లో హరెల్‌కి ఆ స్టూడియోలో ఉద్యోగం వచ్చింది. సినిమా చేశాక ఫోటో దిగడం మామూలే. ఆమె ఫోటో దిగి సినిమా తెచ్చుకుంది.

ఆయన వాడింది 8x10 అంగుళాల నెగటివ్ పట్టే పెద్ద కెమెరా. మేకప్ పెదాలకీ కళ్లకీ ఉంటే చాలనేవాడు. మైకు వేలాడదీసే బూమ్ లాంటిదానికి లైటు కట్టి తల మీదికి తెచ్చేవాడు. పైనుంచి ఆ వెలుగు పడితే బుగ్గ ఎముకలు తేలతాయి, కనురెప్పల నీడ చెంప మీద వాలుతుంది. కాకపోతే పౌడరు లేని ముఖం మీద అంత గట్టి లైటు పడ్డాక ఏ మచ్చా దాగదు. అక్కణ్ణించి పని రీటచర్‌ది. ముఖం మీద నల్లగా ఉన్న మచ్చ నెగటివ్‌లో పలచటి చుక్కలా కనిపిస్తుంది. బాగా సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ఆ చుక్కని నింపితే ప్రింట్‌లో మచ్చ మాయమవుతుంది. ఒక్కో చుక్కా విడివిడిగా నింపాలి. ఫోటో హరెల్‌దంటాం గానీ, ఆ పెన్సిల్ పట్టుకున్న మనిషి గురించి ఎవరూ మాట్లాడరు.

ఈ పని మన ఊళ్లలోని స్టూడియోల్లోనూ ఉండేది. టచింగ్ అనేవాళ్లు. మా అమ్మమ్మకి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. బుగ్గల నిండా గుంటలు. చిన్నప్పుడు నేను వాటిని వేలితో లెక్కపెట్టేదాన్ని. పెళ్లిసంబంధాల కోసం తీయించిన ఫోటోలో మాత్రం ఒక్క గుంటా లేదు. తాతయ్య ఆ ఫోటో చూసి కాదు, మనిషిని చూసే ఒప్పుకున్నాడట. అయినా అమ్మమ్మ దాన్ని ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్య దాచుకుంది. “అమ్మవారు పొయ్యకపోతే ఇట్టా ఉండేదాన్నేమోనే” అనేది నాతో.

ఆవిడ పోయాక గోడకి ఏ ఫోటో పెట్టాలని ఇంట్లో గొడవైంది. “అందులో ఉన్నది మా అమ్మే కాదు” అన్నాడు మామయ్య. “అమ్మకి ఇష్టమైంది అదే కదరా” అంది అమ్మ. చివరికి టచింగ్ ఫోటోకే దండ పడింది. గుంటలున్న ముఖం నా ఫోన్‌లో ఉంది, ఆధార్ కార్డు స్కాన్‌లో, మసకమసగ్గా.

ఇప్పుడు ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిస్తే చాలు, మనం అడక్కముందే ముఖం నున్నగా అయిపోతోంది. రీటచర్ పని అలాంటిది కాదు. చెరపాలంటే ముందు ప్రతి మచ్చనీ చూడాలి. క్రాఫర్డ్ ముఖాన్ని ఆమె అభిమానులెవరూ అంత దగ్గరగా చూసి ఉండరు. అమ్మమ్మ గుంటల్ని కూడా నాకన్నా ముందు లెక్కపెట్టినవాడు ఆ స్టూడియో ఆయనే అయ్యుంటాడు.

మచ్చలున్న క్రాఫర్డ్ ప్రింట్ జనానికి చూపించడానికి తీసింది కాదు. ఇప్పుడు మనం ముచ్చటపడి షేర్ చేసుకునేది దాన్నే. నాకూ అదే ఇష్టం. కానీ షేర్ చేయబోయినప్పుడల్లా మా గోడ మీది ఫోటో గుర్తొస్తుంది. నిజమైన ముఖం కావాలని మనం అడుగుతున్నాం, బాగానే ఉంది. ఆ ముఖం ఎవరిదో వాళ్లకి తమ ఫోటోల్లో ఏది ఇష్టమో, అదీ నిజమే కదా.