వెయ్యి డిగ్రీలు ఏ మూల?

వాస్తును నమ్మినా నమ్మకపోయినా, మీ ఇంట్లో ఈశాన్యం ఏ మూలో మీకు తెలిసే ఉంటుంది. అది తెలిస్తే చాలండీ, త్రికోణమితి భయం సగం తీరినట్టే.

కోణం ఏ పాదంలో ఉందో చెప్పమంటే ఇంటర్‌లో నోరు ఎండిపోయేది గుర్తుందా? పాదమంటే నాలుగో వంతు, అంతే. పద్యానికి నాలుగు పాదాలున్నట్టే చుట్టుకీ నాలుగు. ఇంటి నడిమధ్యన తూర్పు ముఖంగా నిలబడండి. అది సున్నా. మెల్లగా ఎడమకు తిరగండి. ఉత్తరానికి 90 డిగ్రీలు, పడమటికి 180, దక్షిణానికి 270, మళ్ళీ తూర్పుకి 360. మధ్యలో వచ్చే మూలలే పాదాలు: ఈశాన్యం మొదటిది, వాయవ్యం రెండోది, నైరుతి మూడోది, ఆగ్నేయం నాలుగోది.

మరి 1000 డిగ్రీలో? చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసినా, కోరిక తీరాక 108 చేసినా, చివరికి తేలేది బయల్దేరిన చోటే కదా! పుణ్యం సంగతి దేవుడు చూసుకుంటాడు, లెక్కల మాస్టారికి ఆగిన చోటు చెబితే చాలు. రెండు చుట్లకి 720 తీసేస్తే మిగిలేది 280. దక్షిణం దాటి పది డిగ్రీలు, అంటే ఆగ్నేయం. తిరిగి తిరిగి వంటింట్లో తేలామన్నమాట!

ముందు మైనస్ ఉంటే కుడికి తిరగాలి, గుళ్ళో ప్రదక్షిణలాగే. మైనస్ 200కి ఒక చుట్టు కలిపితే 160. వాయవ్యం.

ఇంతకీ మూల దేనికంటారా? గుర్తు కోసం. ఆర్యభటుడు ఒక్క పాదానికే, 3 డిగ్రీల 45 నిమిషాలకొకటి చొప్పున, 24 జ్యా (అంటే సైన్) తేడాలిచ్చాడు. మిగతా మూడు పాదాల్లోనూ అవే విలువలు తిరిగొస్తాయి, ప్లస్సో మైనస్సో మాత్రం మూల చెప్పాలి. అందుకే ఏ పాదంలో ఏది ప్లస్సో గుర్తుండేలా మనకి 'ఆల్ సిల్వర్ టీ కప్స్' (ఆల్, సైన్, టాన్, కాస్) బట్టీ పట్టించారు. ఆ కప్పులు పగిలినా ఫరవాలేదు: ఉత్తరపు సగంలో సైన్ ప్లస్, తూర్పు సగంలో కాస్ ప్లస్, ఆ రెండిటి గుర్తూ ఒకటైతే టాన్ ప్లస్.

రెండుచోట్ల మాత్రం జాగ్రత్త. 90, 180 లాంటివి గోడ మీద పిల్లులు, ఏ పాదానికీ చెందవు. డిగ్రీ గుర్తు లేకుండా ఉత్త 2 అని ఉంటే అవి రేడియన్లు. ఒక్కోటి 57.3 డిగ్రీల చొప్పున 114.6, అదీ వాయవ్యమే.

వెళ్ళేముందు ఒక్కటి: మైనస్ 1000 డిగ్రీలు ఏ మూల? మూడు చుట్లు కలిపి చూడండి. దేవుడి గది కనిపిస్తే మీ లెక్క సరిపోయినట్టే.