ఆటకు ముందు పది నిమిషములు

ఆటకు ముందు ఒడలు కాచుకొనవలెనని చెప్పినచో మీలో కొందరు నవ్వుదురేమో. క్రిందటి యేడు వరకు మేమును నవ్వినవారమే. అందులకు మేము పొందిన ఫలమును విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది కరీంనగరము. మహాలయ అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలుకొని సద్దుల బతుకమ్మ వరకు మా ప్రాంతపు ఆడువారికి ఆటయే ఆట. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించినది గాని, మా అమ్మమ్మల నాటినుండియు ఇది మాకు ప్రాణసమానమే.

క్రిందటి యేడు వచ్చినది మా బిడ్డ పెండ్లియైన పిమ్మటి మొదటి బతుకమ్మ. అత్తవారింటినుండి పిల్ల వచ్చినది. సద్దులనాడు తెల్లవారుజామున లేచి పులిహోర, దద్దోజనము, సత్తుపిండి, మలీద సిద్ధము చేసితిమి. తరువాత చాప పరచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి పూలు ముందర పోసికొని కూర్చుంటిమి. గునుగుపూలకు రంగులద్ది, వరుస తప్పకుండ పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలుపునప్పటికి అయిదు గంటలు గడచినవి. అంతసేపును కాళ్లు మడచుకొని వంగి కూర్చున్నవారమే. దీపాలవేళ బతుకమ్మను నెత్తిన పెట్టుకొని మానేటి యొడ్డునకు నడచితిమి. దానిని దించినదే తడవుగా వలయములో చేరితిమి. రెండవ పాట నడుచుచుండగా, చప్పట్లకై వంగిన నడుము మరల లేవలేదు. బల్లెముతో పొడిచినట్లయ్యెను.

మా బిడ్డ పరుగున వచ్చి మమ్ము గట్టుమీద కూర్చుండబెట్టినది. "నువ్వు పోయి ఆడుకో బిడ్డా" అని ఎంత చెప్పినను వినక మా ప్రక్కనే కూర్చున్నది. కొత్త పట్టుచీర కట్టిన పిల్ల, తోడివారందరు ఆడుచుండగా దూరమునుండి చూచుచుండెను. నడుమునొప్పి పన్నెండు దినములలో తగ్గినది. ఆ చూపు మాత్రము చాలకాలము మా మనస్సును విడువలేదు.

దసరానాడు మా తమ్ముడు వచ్చి, జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి, మంచము ప్రక్కన కూర్చున్నాడు. అతడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, సెలవు దినములలో గోల్కొండ కోట నయాఖిల్లాయందున్న మైదానమున గోల్ఫు ఆడుచుండును.

"పొద్దంత చాప మీద కూసుంటివి. లేచి ఒక్కపారే వంగితివి. నడుము పట్టక ఏమైతది అక్కా? మేము పోంగనే బంతి కొట్టం. ముందుగాల ఒళ్లు కాచుకుంటం."

మాకు కోపము వచ్చినది. "మీది దొరల ఆట. మాకు పొద్దున లేస్తే ఇంటి పనే కసరత్తు" అంటిమి. అతడు వాదింపలేదు. ఒక కర్ర తెప్పించి, తాను చేయుదానిని మా కండ్లముందర చేసి చూపినాడు.

గోల్ఫు మైదానమున 18 గుంటలుండును. బంతిని ఒక్కొక్క గుంటలో వేయుచు పోవుటకు ఆరు కిలోమీటర్లకు పైగా నడవవలెను. ఆటగాని సంచిలో 14 కర్రల వరకు ఉండవచ్చును. కొట్టునప్పుడు నడుము ఒక ప్రక్కకు మెలిదిరిగి, మరుక్షణమున రెండవ ప్రక్కకు విసురుగా మరలును. అందుచేతనే ఆ యాటవారికి కలుగు బాధలలో నడుమునొప్పి ముందు వరుసలోనిది. కావున వారు మొదట చురుకుగా నడచి, కాళ్లు ఊపి, భుజములు త్రిప్పి, కర్రను భుజములమీద అడ్డముగా పెట్టుకొని మెల్లగా ఇటునటు తిరుగుదురు. పిమ్మట పొట్టి కర్రతో సగపు ఊపులు ఊపుదురు. పొడవైన కర్రను చివరకు గాని తీయరు.

ఇది మగవారి ఆటయని మేము భ్రమపడితిమి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో బెంగళూరు పిల్ల అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకము తప్పి నాలుగవ స్థానమున నిలిచినదని తమ్ముడు చెప్పగా ఆశ్చర్యపడితిమి.

కూర్చున్న దేహమున కండలకు నెత్తురు కొద్దిగానే పారును. మెల్లగా కదలించినచో గుండె కొంచెము వేగముగా కొట్టుకొని, నెత్తురు కండలకు చేరి, అవి వెచ్చబడును. వెచ్చబడిన కండ సులువుగా సాగును. ఈ మాట వినగానే మాకు డప్పు జ్ఞప్తికి వచ్చినది. మా వాడలో డప్పు వాయించువారు ముందుగా గడ్డిమంట వేసి తోలును కాచుదురు. కాచని డప్పు మెత్తగా పలుకును, కాచినది కంగుమనును. వేడికి తోలు బిగియును, కండ సడలును. భేదమున్నను నీతి యొక్కటే.

మరి ఇంటిపని మాట యేమి? అది శ్రమయే, సందేహము లేదు. కాని ఉదయము శ్రమపడి, అటుపై అయిదు గంటలు కదలక కూర్చున్నచో ఆ వేడి యంతయు చల్లారును. పొద్దున పొయ్యి వెలిగించితిమి గదా యని సాయంకాలము చల్లని పెనముమీద రొట్టె వేయుదుమా?

ఈ యేడు మేము చేసినది ఇది. పూలు పేర్చునప్పుడే అరగంట కొకసారి లేచి నాలుగడుగులు వేసితిమి. బయలుదేరుటకు ముందు పది నిమిషములు మాకొరకు ఉంచుకొంటిమి. మూడు నిమిషములు వాకిట చురుకుగా నడక. భుజములను ముందుకు పదిమార్లు, వెనుకకు పదిమార్లు త్రిప్పుట. గోడ పట్టుకొని ఒక్కొక్క కాలిని ముందువెనుకలకు ఊపుట, మడమలెత్తి దించుట. బట్టలారవేయు కర్రను భుజములపై ఉంచుకొని కుడియెడమలకు నెమ్మదిగా తిరుగుట. తుదకు, కుర్చీలో కూర్చుండబోవునట్లు సగమువరకు మోకాళ్లు వంచి లేచుట. అంతియే. ఒక భంగిమలో చాలసేపు బిగబట్టి సాగదీయుట ఆటకు ముందు వలదు. దానిని ఆట ముగిసి ఇల్లు చేరిన పిమ్మట చేయవచ్చును. వలయములో చేరిన తరువాత కూడ మొదటి పాటకు కొంచెమే వంగి, ఒడలు వెచ్చబడిన కొలది లోతుగా వంగితిమి. వంగునప్పుడు నడుమునే కాక మోకాళ్లను గూడ వంచితిమి.

మోకాళ్ల నొప్పులున్నవారు లోతుగా వంగరాదు. గర్భవతులు, గుండెజబ్బు కలవారు ముందుగా వైద్యుని అడుగవలెను. నొప్పి కాలిలోనికి దిగినను, తిమ్మిరి పట్టినను ఆట మాని వైద్యునికి చూపవలెనే గాని, పండుగనాడు ఎట్లు చెప్పుదుమని దాచరాదు.

మేము కర్ర భుజాన పెట్టుకొని తిరుగుచుండగా పొరుగింటి పెద్దమ్మ గడపలో నిలిచి, "ఏందే, కుస్తీ పట్టవోతున్నవా?" అని నవ్వినది. నవ్వుచునే లోనికి వచ్చి, "ఇగ నాకు సుత చూపియ్యి" అని గోడ పట్టుకొన్నది. ఆమెకు అరువదియైదేండ్లు.

ఈ యేడు మా బిడ్డ మరల వచ్చినది. మానేటి యొడ్డున తల్లియు బిడ్డయు ఒకే వలయములో తుది పాటవరకు ఆడితిమి. బతుకమ్మను నీటిలో విడిచి, సద్దులు పంచుకొని తిన్న పిమ్మట గాని ఇల్లు చేరలేదు. దాని అత్తవారిది గోదావరి యొడ్డునున్న మంచిర్యాల. 2016 వరకు అది ఆదిలాబాదు జిల్లాలోనిదే. తిరుగు ప్రయాణమునాడు పిల్ల మూటలు సర్దుకొనుచు, "అమ్మా, మా అత్తమ్మకు సుత నడుము నొస్తది. ఆ కర్ర ఎట్ల పట్టుకోవాల్నో ఇంకోపారి చూపియ్యి" అనినది. మేము లేచి కర్ర తెచ్చితిమి.