సోంపు ప్లేటులో ఇరవై కాగితం

ఆదివారం మధ్యాహ్నం శామీర్‌పేట వైపు వెళితే రాజీవ్ రహదారి పక్కన ధాబాల ముందు బండి నిలపడానికి చోటు దొరకడం కష్టమే. సికింద్రాబాద్ నుంచి పిల్లాపాపలతో వచ్చినవాళ్లు కొందరు, చెరువు, జింకల పార్కు చూసి ఆకలితో వచ్చినవాళ్లు ఇంకొందరు. అటు మేడ్చల్‌లోనూ ఇదే సందడి. నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పాతవాళ్లకు ఇప్పటికీ ఏడో నంబరే. లారీ డ్రైవర్లకూ, కార్లలో దిగిన కుటుంబాలకూ అక్కడ ఒకే తందూరులోంచి రొట్టెలు వస్తాయి.

తిన్నాక బిల్లు వస్తుంది. చిన్న ప్లేటులో సోంపు, పటికబెల్లం పలుకులు, పక్కనే మడిచిన కాగితం. చిల్లర తిరిగొచ్చాక అందులో పదో ఇరవయ్యో వదిలేసి లేవడం ఇక్కడి రివాజు. టిప్పు అన్నా, బక్షీస్ అన్నా అదే. ఇంత ఇవ్వాలని ఎవరూ అడగరు. బిర్యానీ ఆలస్యమైందని కోపమొస్తే చిల్లరంతా ఊడ్చి జేబులో వేసుకుంటారు. అడక్కుండానే ఉల్లిపాయ ముక్కలు రెండోసారి తెచ్చిపెట్టిన కుర్రాడికైతే యాభై కూడా ఇస్తారు. అంతా తినేవాళ్ల ఇష్టం!

విమానం ఎక్కి దిగాక ఈ ఇష్టం అన్నిచోట్లా చెల్లదు.

ఈ రెండు రోడ్లకూ శంషాబాద్ విమానాశ్రయానికీ దగ్గరి చుట్టరికం ఉంది. కరీంనగర్, సిద్దిపేట నుంచి వచ్చేవాళ్లు శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్, కామారెడ్డి నుంచి వచ్చేవాళ్లు మేడ్చల్ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కుతారు. అమెరికాలో ఎమ్మెస్ చదవబోయే అమ్మాయి, దుబాయ్ పనికి వెళ్లే అన్న, సింగపూర్‌లో కొడుకును చూడబోయే అమ్మానాన్న... ఇలాంటి వాళ్లంతా సాగనంపడానికి వచ్చిన బలగంతో ఈ ధాబాల్లో ఆగుతుంటారు. సూట్‌కేసు 23 కిలోలు దాటిందా, పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావు, ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించారా... వంద జాగ్రత్తలు చెబుతారు. అక్కడి హోటల్లో బిల్లు ఎలా చదవాలో మాత్రం చెప్పేవాళ్లుండరు. తీరా మొదటి వారంలోనే ఆ అవసరం వచ్చిపడుతుంది.

అమెరికా సంగతే చూడండి. సర్వర్ వచ్చి వడ్డించే హోటల్లో బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి మర్యాద. అరవై డాలర్ల భోజనానికి 18 శాతమంటే 10 డాలర్ల 80 సెంట్లు. మన డబ్బుల్లో తొమ్మిది వందలకు పైమాటే. ఆ డబ్బుతో మేడ్చల్ ధాబాలో ఇద్దరు కడుపునిండా తినొచ్చు కదా అని ప్రాణం ఉసూరుమంటుంది. కానీ దాని వెనక ఒక లెక్క ఉంది. టిప్పులొచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలంటుంది అక్కడి కేంద్ర చట్టం. 1991 నుంచీ ఆ అంకె మారలేదు. మామూలు కనీస వేతనమేమో 7 డాలర్ల 25 సెంట్లు. ఈ తేడాను టిప్పులు పూడ్చాలి, అవి చాలకపోతే యజమాని కలపాలి. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన డాలస్ ఉన్న టెక్సాస్‌లో ఇదే పద్ధతి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం టిప్పులతో నిమిత్తం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. టెక్సాస్‌లో టేబుల్ మీద ఏమీ పెట్టకుండా లేచి వచ్చామంటే వడ్డించిన మనిషి సంపాదనలో కోత పెట్టినట్టే. తెలియక చేసినా కోత కోతే.

దీనికి తిరగబడిన పొరపాటు ఇంకోటి ఉంది. ఆరుగురో ఎనిమిదిమందో కలిసి వెళితే చాలా హోటళ్లు 18 శాతమో 20 శాతమో 'గ్రాట్యుటీ' పేరిట ముందే బిల్లులో కలిపేస్తాయి. తర్వాత సంతకానికి తెచ్చే కార్డు స్లిప్పులో 'టిప్' అని మళ్లీ ఒక ఖాళీ గడి ఉంటుంది. పుట్టినరోజు విందుకెళ్లి, మొహమాటానికి అక్కడా ఇరవై శాతం రాసేస్తే రెండుసార్లు కట్టినట్టు!

మిగతా దేశాల్లో ఇంత తిరకాసు లేదు. సింగపూర్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే ఒకటి పది శాతం సర్వీస్ ఛార్జి, రెండోది తొమ్మిది శాతం జీఎస్టీ. 20 డాలర్లని రాసిన వంటకం బిల్లులోకొచ్చేసరికి 23 డాలర్ల 98 సెంట్లవుతుంది. ఆపైన టిప్పు అక్కర్లేదు. ఫ్రాన్స్‌లో సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది. జపాన్‌లో డబ్బు వదిలి లేస్తే మరిచిపోయారనుకుని వెనకే పరుగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు. ఇక గల్ఫ్‌లో హోటల్ పనికి కుదిరే మనవాళ్లయితే టిప్పు పుచ్చుకునే వైపు నిలబడతారు. మొన్న ధాబాలో ఇరవై వదిలిన మనిషే అక్కడ ఎవరైనా వదులుతారా అని చూస్తాడు.

మరి ఇక్కడి మాటేమిటి? మామూలు ధాబాల్లో ఈ గొడవ తక్కువే గానీ, నగరంలోని పెద్ద రెస్టారెంట్ల బిల్లుల్లో 'సర్వీస్ ఛార్జి' వరుస చాలాకాలం నుంచి కనిపిస్తోంది. అది ప్రభుత్వ పన్ను అనుకుని కట్టేవాళ్లున్నారు. సర్వీస్ ట్యాక్స్ 2017 జులై 1న జీఎస్టీలో కలిసిపోయింది. సర్వీస్ ఛార్జి హోటల్ తనకోసం వేసుకునేది. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. 2025 మార్చి 28న కోర్టు మార్గదర్శకాలనే సమర్థించి, రెండు సంఘాలకూ చెరో లక్ష రూపాయల ఖర్చులు విధించింది. సంఘాలు అప్పీలుకు వెళ్లాయి. బిల్లులో ఆ వరుస కనిపిస్తే తీసేయమని నెమ్మదిగా అడగొచ్చు. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. న్యాయశాస్త్రం బోధించే నల్సార్ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది గానీ, ఇంతమాత్రం అడగడానికి లా డిగ్రీ అక్కర్లేదు.

ఛార్జి తీసేయించుకున్న సంతోషంలో వడ్డించిన మనిషిని మరిచిపోవడమే అసలు చిక్కు. బిల్లులో కలిపి కట్టిన సొమ్ము అతని చేతికి ఎంత చేరుతుందో తినేవాళ్లకు తెలిసే వీల్లేదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 1 నుంచి టిప్పుల సొమ్మును యజమాని కోత లేకుండా పనివాళ్లకే పంచాలని చట్టం అమల్లోకి తెచ్చారు. అంతదాకా వెళ్లారంటే పంచనివాళ్లు ఉన్నట్టేగా!

ధాబాల్లో ఇప్పుడు వచ్చిన కష్టం వేరే. బిల్లు 1,140 అయితే ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ మీద సరిగ్గా 1,140 కొడుతున్నారు. తిరిగొచ్చే చిల్లర లేదు. సోంపు నోట్లో వేసుకుని లేచిపోతారు, ప్లేటు ఖాళీ. ఇచ్చేవాళ్లకు మనసులేక కాదు, జేబులో నోట్లే ఉండటం లేదు. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి ఈ రోడ్ల మీద ప్లేట్లు మోసే కుర్రాళ్లకు మాత్రం నెలాఖరుకు తేడా తెలుస్తుంది. అందుకే కొందరు ఇల్లాళ్లు బయల్దేరే ముందు పర్సులో రెండు మూడు ఇరవై కాగితాలు విడిగా పెట్టుకుంటున్నారు. ఇంటాయన కౌంటర్ దగ్గర స్కాన్ చేస్తుంటే, "ఇదిగో బాబూ, నువ్వుంచుకో" అని వాళ్లు ఒక కాగితం కుర్రాడి చేతిలో పెడతారు. ఈలోగా బయట డ్రైవర్ హారన్ కొడుతుంటాడు, ఎయిర్‌పోర్టుకు టైమవుతోందని.