కట్ట ధర, బస్తా ధర

మే నెలలో భోపాలపట్నం చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా తునికాకు వాసనే. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు ఇది తెలంగాణ వైపు అంచు. హైదరాబాదు మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి ఇక్కడికి చేరుతుంది. దోర్లి, గోండి, తెలుగు ఒకే వాకిట్లో వినిపిస్తాయి. ఆకు ధర ఎలా కడతారో దగ్గరుండి చూద్దామని ఒక ఊరికి వెళ్లాను.

తెల్లవారుజామున అడవికి పోయి వచ్చిన ఇంటివాళ్లు వేపచెట్టు నీడన కట్టలు కడుతున్నారు. ఇంటావిడ ఆకులను ఐదేసి లెక్కపెడుతోంది. చిరిగింది, పురుగు తిన్నది పక్కకు పోతోంది. యాభై కాగానే కాడలన్నీ ఒక వైపుకు సర్ది నారతో బిగించింది.

“రోజుకు ఎన్నయితయక్కా?”

“నలుగురం పోతే మూడొందల కట్టల దాకా అయితయి.”

“రేటు?”

“కట్టకు ఐదున్నర.”

ప్రభుత్వం ఇదే ధరను బస్తా లెక్కన ప్రకటిస్తుంది. స్టాండర్డ్ బస్తా అంటే వెయ్యి కట్టలు, 50 వేల ఆకులు. ఛత్తీస్‌గఢ్‌లో బస్తాకు 2,500 రూపాయలుండేది 2019లో 4,000కు, 2024లో 5,500కు పెరిగింది. ఆ లెక్కన ఆకుకు 11 పైసలు.

కిరాణా కొట్లో నూనె డబ్బా కొనేవాడికి తక్కువ పడుతుంది, ప్యాకెట్టు కొనే పేదకు ఎక్కువ పడుతుంది. ఆకు కొనే కల్లంలో అలా ఉండకూడదు. డెబ్బై కట్టలు తెచ్చిన ముసలమ్మకూ ఏడొందలు తెచ్చిన కుటుంబానికీ ఒకటే ఐదున్నర దక్కాలి. బస్తా ధరను వెయ్యితో భాగిస్తే వచ్చేదే కట్ట ధర. ఈ పద్ధతిలోని న్యాయమంతా ఆ భాగహారంలోనే ఉంది.

ఆ లెక్క తప్పేది కల్లంలోనే. సాయంత్రం అక్కడ కట్టలు వందల లెక్కన వరసలు తీరాయి. కల్లం నడిపే కల్లేదారు వరస చూసి సేకరించినవాళ్ల కార్డులో కట్టల అంకె వేస్తున్నాడు. తడి తగ్గిందనో, ఆకు చిన్నదనో వందకు నాలుగైదు కట్టలు అదనంగా వేయించుకోవడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. వందకు ఐదు పోతే 27 రూపాయల 50 పైసలు పోయినట్టే. బస్తా మీద అది 275 రూపాయలు. కాగితం మీద ధర తగ్గదు, చేతికొచ్చేది తగ్గుతుంది. 1980లలో గోదావరి తీరపు అడవుల్లో ఆకు సేకరించేవాళ్లు కట్టకు పైసల పెంపు కోసం అంత పట్టుదలగా పోరాడారంటే కారణం ఈ బస్తా లెక్కే. కట్ట మీద పైసా పెరిగితే బస్తా మీద పది రూపాయలు.

ఎండిన ఆకు మీద నీళ్లు చిలకరించి మెత్తబడ్డాక గోనెసంచుల్లోకి ఎత్తుతారు. అక్కడి నుంచి టోకు బేరం మొదలవుతుంది. అమ్మకంలో మిగిలిన లాభంలో కొంత ప్రోత్సాహకంగా మళ్లీ సేకరించినవాళ్లకే చెందాలి. దాన్ని పంచేది కార్డులో పడిన కట్టల సంఖ్యను బట్టే. కాబట్టి ఆ సాయంత్రం రాయని ఐదు కట్టలు రెండుసార్లు నష్టం చేస్తాయి.

ప్రతి కల్లంలో ఒక బోర్డు ఉండాలి: కట్టకు ఎంత, వందకు ఎంత, బస్తాకు ఎంత. హిందీతో పాటు తెలుగులోనూ, గోండిలోనూ రాయాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి. వంద అంటే వందే అని కల్లేదారు అందరి ముందూ ఒప్పుకోవాలి. ఐదున్నర అని తడుముకోకుండా చెప్పిన ఆడవాళ్లకు లెక్క నేర్పనక్కర్లేదు. వాళ్ల లెక్కను కాగితం మీద ఉన్నదున్నట్టు ఎక్కించాలి, అంతే.