పాప పక్కన ఫోను తీసేసి వైరు పెట్టిన సంగతి

ఈసారి డీఎస్సీ మెటీరియల్ గురించో, స్కాలర్‌షిప్పుల గురించో కాదు. మా ఇంట్లో పాప కోసం మేము చేసుకున్న ఒక చిన్న ఏర్పాటు, అందులో మేము చేసిన ఒక తప్పు. మన గ్రూపులో కొత్తగా తల్లిదండ్రులైనవాళ్లు చాలామంది ఉన్నారు, కొండ దిగి ఉద్యోగాల కోసం పల్లపు ఊళ్లలో అద్దెకుంటున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది చింతపల్లి వైపు ఊరు. ఇప్పుడు ఉంటున్నది ఎస్. రాయవరంలో. గురజాడ పుట్టిన ఊరని ఇక్కడివాళ్లు మొదటి పరిచయంలోనే చెబుతారు. మాలో ఒకరిది సచివాలయం ఉద్యోగం, ఇంకొకరిది డీఎస్సీ చదువు. ఇల్లు పొడుగాటి పెంకుటిల్లు. వీధి గది, మధ్య గది, వంటగది, వెనక పెరడు, పెరట్లో బోరు. ఉయ్యాల కట్టడానికి గట్టి దూలం వీధి గదిలోనే ఉంది. వంట, బట్టలు, చదువు అన్నీ వెనక. మధ్యలో నలభై అడుగులు. పక్కనే పిండి మర. అది తిరుగుతుంటే పాప గొంతు చించుకున్నా వెనక్కి వినపడదు.

అమ్మ ఉన్నన్నాళ్లు ఈ గొడవే లేదు. పురుటి నుంచి ఐదో నెల వరకు మాతోనే ఉంది. నవంబర్‌లో కాఫీ పళ్లు ఎరుపెక్కాయి, కోతకి మనుషులు కావాలి, వెళ్లిపోయింది. అడ్డరోడ్డులో నర్సీపట్నం బస్సెక్కిస్తుంటే ఒకటే మాట, "పిల్ల ఏడిస్తే మీకు ఇనబడదేటి? ఎలాగుంటారో ఏటో" అని. మన ఊళ్లో పిల్ల ఏడిస్తే నలుగురు లేస్తారు. ఇక్కడ పిండి మర తప్ప ఇంకో పక్క ఇల్లు లేదు.

మొదట చేసింది మీలో చాలామంది చేసే పనే. పాత ఫోను ఒకటి ఉయ్యాల కొసకి కట్టి, ఇంకో ఫోనుకి వీడియో కాల్. వంటింట్లో నిల్చుని పాపని చూడొచ్చు. రెండు వారాలు బాగానే నడిచింది, డేటా అయిపోవడం తప్ప. ఒకరోజు పాత ఫోను విప్పుతుంటే చెయ్యి కాలింది. అంత వేడి. పాప తల నుంచి జానెడు దూరంలో, రోజుకి నాలుగైదు గంటలు అది అలా ఉంటోంది.

ఆ రాత్రి రేడియేషన్ గురించి వెతకడం మొదలుపెట్టాం. వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు చదివితే ఫోను కనిపెట్టినవాడిని ఉరి తీయాలనిపిస్తుంది. వాటిని పక్కన పెట్టి చదివితే తేలింది ఇంతే. ఫోన్ల నుంచి వచ్చే రేడియో తరంగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2011 మేలో '2బి' గుంపులో పెట్టింది. అంటే కేన్సర్‌కి కారణం కావచ్చేమో, ఆధారాలు మాత్రం పరిమితం అని. అదే గుంపులో కలబంద ఆకు మొత్తం సారం ఉంది, తూర్పు ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు కూడా ఉన్నాయి. మన ప్రభుత్వం 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల తరంగాల హద్దుని అంతర్జాతీయ హద్దులో పదో వంతుకి దించింది. ఫోను ఒంట్లోకి పంపే శక్తి కిలోకి 1.6 వాట్లు దాటకూడదని కూడా పెట్టింది. పాప పక్కన ఫోను ఉంటే జబ్బు వస్తుందని రుజువు చేసిన పరిశోధన మాకు ఒక్కటీ దొరకలేదు. ఇది ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎవరినీ భయపెట్టడానికి ఈ పోస్టు రాయట్లేదు.

మరి వైరు ఎందుకంటే, తగ్గించుకోగలిగింది సులువుగా తగ్గుతుంటే తగ్గించుకుంటే పోయేదేముంది అనుకున్నాం. దూరం లెక్క అందరం బడిలో చదివిందే. దూరం రెండింతలైతే తీవ్రత నాలుగో వంతు. జానెడు దూరంలో ఉన్న ఫోనుని ఒక మీటరు జరిపితే సుమారు ఇరవై ఐదు రెట్లు తగ్గుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

ఇంకో విషయం మనవాళ్లకి ముఖ్యం. టవరు దగ్గరుంటే ప్రమాదం, దూరముంటే మంచిది అనుకుంటాం కదా. ఒంటికి ఆనుకుని ఉండే ఫోను విషయంలో అది తిరగబడుతుంది. సిగ్నల్ బాగుంటే ఫోను మెల్లగా మాట్లాడుతుంది. ఒక్క గీతే ఉంటే టవరుకి వినపడాలని అరుస్తుంది, అంటే ఎక్కువ శక్తితో తరంగాలు పంపుతుంది. సిగ్నల్ కోసం కొండెక్కి, చెట్టు కింద నిలబడి మాట్లాడే మన ఊళ్లలో ఫోను తలకి ఆనించకుండా ఇయర్‌ఫోన్ వాడటం మంచిది. పడుకున్న పిల్లల పక్కన పెట్టాల్సి వస్తే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

ఇక వైరు. పిల్లల ఏడుపు వినిపించే యంత్రాల్లో మొదటిదిగా చెప్పేది 1937లో అమెరికాలో జెనిత్ కంపెనీ తెచ్చిన 'రేడియో నర్స్'. 1932లో లిండ్‌బర్గ్ అనే పైలట్ కొడుకుని ఇంట్లోంచే ఎత్తుకుపోయారు. దేశమంతా హడలిపోయింది. ఆ భయంలోంచి పుట్టిన వస్తువది. శబ్దం ఇంట్లో కరెంటు వైర్ల గుండానే ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లేది. పేరుకి రేడియో, నడిచింది వైరు మీద.

ఇంకా వెనక్కెళితే మన ఉయ్యాల తాడు. మా నాయనమ్మ ఉయ్యాలకి ఒక తాడు కట్టి, దాని కొస పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని లాగేది. పిల్ల లేచి కదిలితే తాడు చేతిలో తేడాగా ఊగేదట. బుర్ర పెట్టి చూస్తే అది కూడా వైరు మానిటరే.

అడ్డరోడ్డులో కరెంటు సామాన్ల షాపుకెళ్లి "బేబీ మానిటర్ ఉందా, వైరుది" అంటే షాపాయన వింతగా చూశాడు. విషయం చెప్పాక ఆయనే దారి చూపించాడు. సీసీ కెమెరాలకి తగిలించే చిన్న మైకు, బొటనవేలంత ఉంటుంది. పన్నెండు వోల్టుల అడాప్టర్. కెమెరాలకి వేసే త్రీ ప్లస్ వన్ కేబుల్ పదిహేను మీటర్లు. కంప్యూటర్ స్పీకర్లు ఒక జత. మొత్తం పన్నెండు వందలు దాటలేదు. ఆ కేబుల్‌లో మధ్యన జల్లెడ చుట్టిన తీగ శబ్దానికి, మిగతా వాటిలో రెండు తీగలు మైకు కరెంటుకి. అడాప్టర్, స్పీకర్లు రెండూ వంటగది వైపే పెట్టాం. పాప ఉన్న వైపు పన్నెండు వోల్టులు తప్ప ఇంటి కరెంటు వెళ్లదు. ఇలా చేసుకునేవాళ్లు ఈ ఒక్కటి మాత్రం మార్చకండి.

మొదటి రోజు స్పీకర్లోంచి తుమ్మెద దూరినట్టు గుయ్‌మని ఒకటే మోత. కేబుల్‌ని ఫ్యాను వైరు పక్కనే లాగామని తర్వాత అర్థమైంది. దాన్ని జానెడు ఎడంగా జరిపి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం. మోత తగ్గింది, పూర్తిగా పోలేదు. పోనీలే అనుకున్నాం. ఆ మిగిలిన గుయ్ తర్వాత మాకు మేలే చేసింది. కరెంటు పోతే అది ఆగిపోతుంది. ఆగిందంటే లేచి వెళ్లి పాపని చూసుకోవాలని లెక్క. శబ్దం రాకపోతే పాప నిద్రపోతున్నట్టు అని మొదట్లో ఒకసారి మోసపోయాం. కరెంటు పోయి స్పీకరు చచ్చింది, పాప ముందు గదిలో ఏడ్చి ఏడ్చి ఎర్రబడిపోయింది.

ఇప్పుడు తప్పు సంగతి.

మైకుని ఉయ్యాల పక్కన గోడకి, మోకాలెత్తులో బిగించాం. దగ్గరుంటే ఊపిరి కూడా వినపడుతుందని. ఐదో నెలలో బాగానే ఉంది. సంక్రాంతి నాటికి పాపకి ఏడు నెలలు నిండాయి. ఉయ్యాల మానేసి కింద బొంత మీద పడుకోబెడుతున్నాం. బొర్లా పడి దొర్లుతోంది, పాకడం మొదలైంది. మైకు ఎక్కడుందో అక్కడే ఉంది. మా ఇద్దరి కళ్లకీ అది ఆనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వెనకే ఉన్నాం. స్పీకర్లోంచి కరకరమని శబ్దం. జాక్ వదులైందేమో, తర్వాత చూద్దాంలే అనుకున్నాం. కూర పోపులో ఉంది. కాసేపటికి కరకర ఇంకా ఎక్కువైంది. విసుక్కుంటూనే ముందు గదికి వెళ్తే, పాప గోడకున్న క్లిప్పులు నాలుగు ఊడపీకి, మైకు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. వైరు భుజం మీంచి వెళ్లి మెడ వెనక నుంచి ఒక చుట్టు తిరిగి ఉంది. నవ్వుతోంది. మమ్మల్ని చూసి మా వైపు దొర్లబోయింది. దొర్లితే చుట్టు బిగుస్తుంది.

తీసేశాం. ఏమీ కాలేదు. ఆ సాయంత్రం అన్నం ఎవరికీ దిగలేదు.

తర్వాత చదివాం. అమెరికాలో 2011లో ఒక కంపెనీ వీడియో మానిటర్లు సుమారు 17 లక్షలు వెనక్కి పిలిచి హెచ్చరిక లేబుళ్లు ఇవ్వాల్సి వచ్చింది. ఇద్దరు పసిపిల్లలు వాటి వైరు మెడకి చుట్టుకుని చనిపోయారు. పిల్లకి అందే చోటు నుంచి వైరు కనీసం మూడు అడుగుల దూరంలో ఉండాలని అక్కడి ప్రభుత్వ సంస్థ చెప్పింది. రుజువు కాని తరంగాల కోసం రాత్రుళ్లు మేలుకుని చదివిన మేము, కళ్లెదుట వేలాడుతున్న వైరు గురించి ఒక్క నిమిషం చదవలేదు.

ఇప్పుడు మైకు దూలం మీద ఉంది, పాప పడుకునే గోడకి ఎదురుగా, ఎనిమిది అడుగుల ఎత్తులో. వైరు దూలం వెంట పైపైనే వెళ్లి వంటగదిలో దిగుతుంది. అక్కడ ప్లాస్టిక్ పట్టీలో పెట్టి మూసేశాం. అంత దూరం నుంచి కూడా ఏడుపు శుభ్రంగా వినపడుతోంది. ఊపిరి వినపడదు, వినక్కర్లేదు కూడా. రోజూ పాపని పడుకోబెట్టే ముందు మేమే బొంత మీద పడుకుని చెయ్యి చాపి చూస్తాం, ఏం అందుతోందో అని. కర్టెన్ తాడు ఒకటి అలాగే దొరికింది, కత్తిరించేశాం. ఫోను చార్జర్ వైర్లు కూడా లెక్కలోకే వస్తాయి.

అమ్మకి ఇది ఇంకా చెప్పలేదు. ఆమెకి ఈ ఫోను లేదు కాబట్టి చదవదు. మీలో మా ఊరివాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పకండి. కోతలైపోయి పోయిన వారమే వచ్చింది. వస్తూ వస్తూ నర్సీపట్నంలో మువ్వల పట్టీలు కొని తెచ్చి, వచ్చిన రోజే కాళ్లకి వేసేసింది. పెరట్లో బట్టలు ఉతుకుతూ స్పీకరు దగ్గర చెవి పెట్టి "ఇది గుయ్‌మంటాదేటి, పిల్ల నిద్దరోతోందా, సెడిపోనాదా?" అని అడుగుతోంది. పని చేస్తోందని చెబితే, ఒకసారి ముందు గదికి వెళ్లి చూసి వచ్చి మళ్లీ సబ్బు పట్టుకుంది.

ఎవరైనా ఇలా పెట్టుకోవాలనుకుంటే అడగండి, కనెక్షన్ బొమ్మ గీసి పంపుతాం. రౌటర్లకి పెట్టే పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ దీనికి సరిపోతుందా అని చూస్తున్నాం. మైకుకి సరిపోయింది, స్పీకరుకి ఇంకా కుదరలేదు. స్పీకరుది ఐదు వోల్టులు. తెలిసిన తమ్ముళ్లు చెప్పండి.