తిరుగు, తిప్పు, తిప్పించు

అంబాసిడర్ కారు ముందు మూత ఎత్తినవారికి రేడియేటరు వెనుక ఒక ఇనుప పంకా కనబడుతుంది. ఇంజను తిరిగితే దాని కొసనున్న పుల్లీ తిరుగుతుంది. పుల్లీ రబ్బరు బెల్టును లాగుతుంది, బెల్టు నీటిపంపును తిప్పుతుంది, ఆ పంపు ఇరుసుకే బిగించి ఉండటం వల్ల పంకా తిరుగుతుంది. బెల్టు తెగితే తప్ప ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. మా అన్నగారు ఈ ఏర్పాటును ఎంతో మెచ్చుకునేవారు.

అయినా అందులో ఒక విపర్యయం ఉంది. ఇంజను వేగాన్ని బట్టే పంకా వేగం. బండి 60 కిలోమీటర్ల వేగంతో సాగిపోతున్నప్పుడు ఎదురుగాలి ఒక్కటే రేడియేటరును చల్లబరచగలదు. అప్పుడు పంకాతో పెద్దగా పని లేదు, కానీ గిర్రున తిరుగుతూనే ఉంటుంది. బండి నిలిచిపోయిందా, ఎదురుగాలి ఆగిపోతుంది, భారమంతా పంకా మీద పడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఇంజను నెమ్మదిస్తుంది, దానితోపాటు పంకా కూడా మందగిస్తుంది. కడుపు నిండినవాడికి కొసరి కొసరి వడ్డించి, ఆకలిగొన్నవాడి విస్తరి దగ్గరకు వచ్చేసరికి గరిటె దాచుకున్నట్లు. ఈ కారుకు మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి. ఆ దేశంలో మన వైశాఖ జ్యేష్ఠాలు లేవు. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 2014 వరకు అంబాసిడర్లను తయారు చేశారు గాని, మావంటి పాత బండ్లలో పంకా మాత్రం బెల్టుకే వ్రేలాడుతూ ఉండిపోయింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో విద్యుత్ పంకా పుట్టుకతోనే ఉంది. వేడెక్కినప్పుడు తిరగడం, చల్లబడినప్పుడు ఊరుకోవడం దానికి తెలుసు.

మాది కొవ్వూరు. అన్నగారు పోయిన తరువాత ఈ బండి నా సంరక్షణలోకి వచ్చింది. దీనిని అమ్మివేయమని చెప్పినవారు చాలామందే ఉన్నారు. మా వదినగారి మోకాళ్ళు వారికి తెలియవు. ఇప్పటి చిన్నకార్లలో కూర్చోవాలంటే గోతిలోకి దిగినట్లు దిగాలి, లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. అంబాసిడర్ తలుపు వెడల్పు, సీటు ఎత్తు, కుర్చీలో కూర్చున్నట్లే ఉంటుంది. నెలకొకసారి ఆమెను రాజమహేంద్రవరం ఆసుపత్రికి ఈ బండిలోనే తీసుకుపోతాను.

దారిలో గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన. 1974లో ప్రారంభమైనది. క్రింద రైలు, పైన రోడ్డు. ఒక మే నెలలో, పట్టపగలు, మాకు ముందు ఏదో లారీ చెడిపోయి రాకపోకలు స్తంభించాయి. ఉష్ణోగ్రత చూపే ముల్లు లేస్తూ లేస్తూ ఎర్రగీతను దాటింది, మూత సందులనుంచి ఆవిరి వచ్చింది. ఇంజను ఆపివేశాను. వేడి మీదున్న రేడియేటరు మూత తీయరాదు, తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. వంతెన మీద నీడ లేదు, బండిని పక్కకు తీసే చోటు లేదు. క్రింద అఖండ గోదావరి, పైన మా దగ్గర ఆమె త్రాగడానికి తెచ్చుకున్న సీసాడు నీళ్ళు. డెబ్బదియారేళ్ళ మనిషి ముప్పావుగంట ఆ కొలిమిలో కూర్చుంది. ఇంటికి వచ్చాక ఆమె ఏమీ అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

విద్యుత్ పంకా మొదటి మందు కాదని ఇక్కడ చెప్పాలి. రేడియేటరు గొట్టాలలో బోరునీటి సున్నం పేరుకొని ఉంటే ఎంత గాలి విసిరినా వృథా. ముందు దానిని విప్పించి శుభ్రం చేయించాను, మూతను, బెల్టును మార్పించాను. మన ప్రాంతపు మెకానిక్కులలో చాలామంది థర్మోస్టాట్‌ను పీకి పారవేస్తారు, "మన ఎండలకు అదెందుకండీ" అంటారు. సాధారణంగా అది 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, అంతవరకు నీటిని రేడియేటరుకు పోనివ్వక ఇంజనును తగిన వేడికి తెస్తుంది. దానిని తీసేస్తే చలికాలపు ఉదయాన ఇంజను వేడెక్కక పెట్రోలు త్రాగుతుంది. ద్వారపాలకుడు అడ్డుగా ఉన్నాడని ద్వారాన్నే పడగొట్టుకోవడం వంటిది ఈ వైద్యం. మా బండిలో దానిని తీయనివ్వలేదు.

ఇంత చేసినా, బండి నిలిచినప్పుడు ముల్లు లేవడం మానలేదు. అప్పుడు పట్నంలోని ఒక వర్క్‌షాపులో విద్యుత్ పంకా పెట్టించాను. వారు దానిని బిగించిన తీరు చాలా సులువైనది. తాళంచెవి తిప్పే ఇగ్నిషన్ స్విచ్చినుంచి ఒక సన్నని తీగ తెచ్చి నేరుగా పంకాకు తగిలించారు. తాళం తిప్పితే పంకా తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది, నడుమ విరామం లేదు. మూడవ వారంలో స్టీరింగు దగ్గర కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే స్విచ్చి వెనుక ప్లాస్టిక్ మెత్తబడి ఒరిగిపోయింది, తీగపై తొడుగు నల్లబడింది. ఆ రోజు వదినగారు బండిలో లేరు. ఉండి ఉంటే అన్న తలపు ఇప్పటికీ నాకు సుఖం కాదు.

మా ఊళ్ళో ఆటోలకు, ట్రాక్టర్లకు వైరింగు చేసే ఒకతను ఒకప్పుడు నా దగ్గర తొమ్మిదవ తరగతి చదివాడు. తెలుగులో అతనికి ఎన్ని మార్కులు వేశానో ఇద్దరమూ ఎత్తము. కాలిన స్విచ్చిని చేతిలో త్రిప్పి చూసి, "రిలే పెట్టలేదండి మాస్టారూ, ఇంకేముందండి," అన్నాడు.

"రిలే అంటే ఏమిటిరా?"

"చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆడించేదండి. ఆయ్."

భాషాప్రవీణ చదివినవాడికి ఆ వాక్యం ఎక్కడో తగిలింది. ఇంటికి వచ్చి కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. మన భాషలో తిరుగు అన్నది అకర్మకం. దానిని సకర్మకం చేస్తే తిప్పు. తిప్పుకు ప్రేరణార్థకం తిప్పించు. పంకా తిరుగుతుంది. దానిని తిప్పే పెద్ద కరెంటు బ్యాటరీనుంచి రావాలి. తిప్పించేవాడు వేరు, వాడు వేడిని కనిపెట్టి ఆజ్ఞ ఇచ్చే చిన్న స్విచ్చి. యజమాని పొలం దున్నించాడంటే మేడి పట్టింది యజమాని కాదు కదా. ఆ వర్క్‌షాపువారు తాళంచెవి స్విచ్చి చేత, అంటే ప్రేరక కర్త చేత, స్వయంగా మేడి పట్టించారు. మా పంకా తిరిగేటప్పుడు 10 ఆంపియర్ల వరకు లాగుతుంది, మొదలయ్యే క్షణాన అంతకు రెండు మూడింతలు. రిలే లోపలి తీగచుట్టకు కావలసింది ఆంపియరులో ఆరవ వంతు, అంతే. అంత తేలిక పనికి ఏ పాత స్విచ్చి అయినా సరిపోతుంది.

మరునాడు ఈ మాట చెబితే అతను నవ్వాడు. "తిప్పించు అంటే 87 అన్నమాటండి," అన్నాడు. "కాదురా, 87 తిప్పు. తిప్పించు 85, 86," అన్నాను. అతను రిలేను తలక్రిందులు చేసి చూసి ఒప్పుకున్నాడు. మామూలు కారు రిలేకు నాలుగు కాళ్ళుంటాయి, వాటి ప్రక్కన ఈ అంకెలే అచ్చువేసి ఉంటాయి. బ్యాటరీ ధనధ్రువం నుంచి వచ్చేది 30. పంకాకు పోయేది 87. తీగచుట్ట రెండు కొసలు 85, 86. చుట్టలో కరెంటు పారగానే అది అయస్కాంతమై లోపలి నాలుకను లాగుతుంది, 30కి 87కి సంధి కుదురుతుంది. 86కు తాళంచెవి స్విచ్చినుంచి కరెంటు ఇచ్చాము, 85ను ఉష్ణోగ్రత స్విచ్చి గుండా బండి దేహానికి, అంటే ఎర్తుకు కలిపాము. తాళం తీస్తే పంకా కూడా ఆగిపోవాలని ఈ ఏర్పాటు. కొందరు ఇంజను ఆగాక కూడా పంకా తిరగాలంటారు. మూత ఎత్తి చేయి పెట్టినప్పుడు ఆ రెక్కలు ఉన్నట్టుండి లేవడం నాకు ఇష్టం లేదు.

ఉష్ణోగ్రత స్విచ్చి మీద 92, 87 అని రెండు సంఖ్యలున్నాయి. 92 డిగ్రీలకు కలుస్తుంది, 87కు విడిపోతుంది. రెండింటికి నడుమ ఈ 5 డిగ్రీల ఎడం ఎందుకని మొదట అనిపించింది. ఎడమే లేకపోతే 92 దగ్గర పంకా లేస్తుంది, అర డిగ్రీ తగ్గగానే ఆగుతుంది, వెంటనే మళ్ళీ లేస్తుంది, రిలే టకటక కొట్టుకుంటూ నాలుగు రోజుల్లో కాలిపోతుంది. దీనిని రేడియేటరు పై గొట్టంలో పెట్టాము. గొట్టాన్ని కోసి నడుమ మరలున్న అల్యూమినియం ముక్క బిగించి, అందులో స్విచ్చిని దించాము. రబ్బరు గొట్టం విద్యుత్తును పోనివ్వదు కనుక, స్విచ్చికి ఎర్తు తీగ విడిగా ఇవ్వాలి. ఇది మరచినవారు స్విచ్చి చెడిందని మార్చుకుంటూ పోతారట.

తీగ విషయంలో మాత్రం నేను పట్టుబట్టాను. అంగడిలో దొరికే ఇంటి వైరింగు తీగ తొడుగు 70 డిగ్రీల వేడికి ఉద్దేశించినది. ఇంజను ప్రక్కన అది చాలదు. 105 డిగ్రీలకు తట్టుకునే వాహనాల తీగ, 2.5 చదరపు మిల్లీమీటర్లది తెప్పించాము. 10 ఆంపియర్లు నాలుగు మీటర్లు పారితే అందులో పోయే వోల్టేజి 0.3కు మించదు. ఒక చదరపు మిల్లీమీటరు తీగలో 0.7 పోతుంది, పోయినదంతా వేడిగా మారుతుంది. బ్యాటరీకి జానెడు దూరంలో 20 ఆంపియర్ల ఫ్యూజు. రెక్క ఫ్యూజులలో 20కి పసుపురంగు, 15కు నీలం, 10కి ఎరుపు. ఫ్యూజును పంకా దగ్గర పెట్టడంలో అర్థం లేదు. నడుమ దారిలో తీగ ఒరిసి ఇనుమును తాకితే మంటను ఆపేవారెవరు?

పాత ఇనుప పంకాను తీసినప్పుడు ఆ బోల్టులే పుల్లీని కూడా పట్టి ఉంచుతాయని తెలిసింది, వాటికి బదులు పొట్టి బోల్టులు వేశాము. డాష్‌బోర్డులో ఒక చిన్న దీపం, ఉష్ణోగ్రత స్విచ్చి ఎప్పుడైనా మొండికేస్తే చేతితో పంకా వేసుకోవడానికి మరొక మీట కూడా ఉన్నాయి. చివరకు అతను రేడియేటరు ముందు ఒక నోటుపుస్తకం కాగితం పట్టాడు. పంకా లేవగానే అది వెళ్ళి జాలీకి అతుక్కుంది. గాలి సరైన దిక్కుకే పోతోంది.

చదివే మిత్రులలో ఎవరివద్దనైనా డైనమో ఉన్న బండి ఉంటే ఒక హెచ్చరిక. డైనమో ఇంజను నిదానంగా ఉన్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. పంకా, లైట్లు కలిసి బ్యాటరీనే తింటాయి. ముందు ఆల్టర్నేటరు పెట్టించుకోవాలి. మా బండికి ఆ పని అన్నగారే చేయించి పోయారు.

తరువాతి మే నెలలో అదే వంతెన మీద మళ్ళీ నిలిచిపోయాము. ముల్లు లేచింది. ఎర్రగీతకు చాలా దిగువనే దీపం వెలిగింది, ముందునుంచి గాలి హోరు వినబడింది, కాసేపటికి ముల్లు దిగింది, దీపం ఆరింది. ఆ అరగంటలో ఇలా ఎన్నిసార్లయిందో లెక్కపెట్టడం మానేశాను.

"ఏమయ్యా, ఆ దీపమేమిటి?" అన్నారు వదినగారు.

"పంకా తిరుగుతోందని, వదినా."

"మరి మనకు గాలి తగలదేం?"

గుడ్డలాగు తీగల చిక్కు చూసి రేపు ఎవరైనా తికమకపడరాదని ప్రతి తీగ కొసకు తెల్ల ప్లాస్టరు చుట్టి పేర్లు వ్రాశాను. బ్యాటరీనుంచి వచ్చేదానికి మూలం, పంకాకు పోయేదానికి తిప్పు, స్విచ్చి తీగకు తిప్పించు, ఎర్తుకు భూమి. మా శిష్యుడు వచ్చి చదివి, "బాగుందండి, కానీ రావులపాలెంలో బండి ఆగితే అక్కడి మెకానిక్కుకు ఇది తెలియదండి మాస్టారూ. క్రింద అంకెలు కూడా వేయండి," అన్నాడు. వేశాను.