పిలిచిన చుట్టం, పిలవని చుట్టం

చెన్నపట్నంలో కాపురమున్న తెలుగువారికి నీటి కరువును గురించి వేరే చెప్పనక్కరలేదు. లారీ వచ్చే వేళకు బిందెలు వరసపెట్టి కాచుకున్న జ్ఞాపకం లేని ఇల్లాలు మనలో అరుదు. అయితే ఆ నీరు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతున్నదో కంటితో చూసినవారు కూడా అరుదే. ఒక సెలవునాడు ఊత్తుకోట నుంచి ఎన్నూరు దాకా ఆ నీటి వెంట వెళ్లదలచిన వారికోసం దారిలోని విశేషాలు కొన్ని మనవి చేస్తాను.

ఊత్తుకోట దగ్గర జీరో పాయింటు అనే చోట తెలుగుగంగ కాలువ తమిళనాడులో అడుగుపెడుతుంది. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు తూముల గుండా బయలుదేరిన కృష్ణనీరు వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి ఇక్కడికి వస్తుంది. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టి.ఎం.సి.ల వంతున 15 టి.ఎం.సి.లు మన పట్నానికి వదలడానికి ఒప్పుకున్నవి. 1983లో ఆంధ్ర, తమిళ ప్రభుత్వాలు కాలువ ఒప్పందం చేసుకున్నవి. 1996లో మొదటిసారి నీరు పూండి చేరింది. దారిలో ఎండకు పోయే 3 టి.ఎం.సి.లు మినహాయించి సరిహద్దున 12 టి.ఎం.సి.లు అందాలని ఏర్పాటు. అంటే ఆవిరికి కూడా లెక్క కట్టి తెచ్చుకుంటున్న నీరన్నమాట. ఆ సంగతి మనసులో పెట్టుకొని ముందుకు సాగుదాం.

పూండి జలాశయం 1944 నాటిది. కొసస్తలయారుకు అడ్డంగా కట్టిన ఆనకట్ట. సత్యమూర్తిగారి పేరు పెట్టుకున్నది. అక్కడినుంచి నీరు కాలువల మీదుగా చోళవరం, పుళల్, చెంబరంబాకం చెరువులకు చేరి, శుద్ధి అయి మన ఇంటి కొళాయికి వస్తుంది. మనం తాగి, వండుకొని, స్నానాలు చేసి, బట్టలుతికి పారబోసినదాంట్లో చాలా భాగం కూవంలోకో, అడయారులోకో చేరుతున్నది. కృష్ణమ్మ కథ చూడడానికి వెళ్లినవారు ఈ రెండో అధ్యాయం కూడా చూడాలి.

సైదాపేట వంతెన మీద ఆగి అడయారును చూడండి. వాన వెలిసిన కొన్నాళ్లకు ఏటి మీద పచ్చని తివాచీ పరచినట్లు కనిపిస్తుంది. మధ్యమధ్య ఊదారంగు పూలు. కొత్తవారు ఎంత అందమని మురిసిపోతారు. అదే గుర్రపుడెక్క. ఆకు గిట్టలాగా వుంటుందని మనవారు ఆ పేరు పెట్టారు. ఇక్కడివారు ఆగాయ తామరై అంటారు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఆ పూవు అందానికే ముచ్చటపడి పందొమ్మిదో శతాబ్దం చివర దాన్ని బెంగాలుకు తెచ్చారు. మనం పిలిచి పీటవేసిన చుట్టమే అది.

దాని వేళ్లు మట్టిలో వుండవు, నీళ్లలో వేలాడుతూ వుంటవి. అనుకూలమైన చోట రెండు వారాల్లో రెట్టింపవుతుంది. విత్తనం అడుగు బురదలో ఇరవై ఏళ్లు కూడా బతికి వుండగలదు. దాని కింద వెలుతురు లేక, గాలి అందక చేపలు చస్తవి, దోమలు వృద్ధి అవుతవి. ఉత్త నీటిమీద పోయే ఆవిరి కన్నా దాని ఆకుల గుండా ఎక్కువ పోతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. పెద్ద వానలప్పుడు తెప్పలు తెప్పలుగా కొట్టుకువచ్చి వంతెన స్తంభాలకు అడ్డం పడితే వెనక నీరు వీధుల్లోకి ఎక్కుతుంది. అందుకే ఏటా ఈశాన్య ఋతుపవనాలకు ముందు యంత్రాలు దింపి దాన్ని లాగిపారేస్తున్నారు. మరుసటి ఏడు మళ్లీ అదే పని!

ఈ బాధ కొత్తది కాదు. 1919లోనే మదరాసు రాజధానిలో పంట తెగుళ్ల చట్టం ఒకటి వచ్చింది. పంటలను పాడుచేసే పురుగులతోపాటు నీటివసతికి, జలమార్గాలకు అడ్డం వచ్చే కలుపు మొక్కలను కూడా అది పేర్కొన్నది. ప్రకటన వెలువడిన చోట కలుపు తీయవలసిన బాధ్యత ఆ భూమి అనుభవించేవారిది; తీయకపోతే అధికారులు తీయించి ఖర్చు రాబట్టుకోవచ్చును. చట్టం మంచిదే. కాని ఏటిని అనుభవించే వారెవరు? ఏరు ఒక శాఖది, వీధి కాలువ కార్పొరేషనుది, మురుగు గొట్టం ఇంకొక బోర్డుది. మొక్కకు మాత్రం ఈ హద్దులు తెలియవు. 2022లో తమిళనాడు ప్రభుత్వం పరాయి మొక్కల మీద ఒక విధానం ప్రకటించింది. దాని చూపు ముఖ్యంగా అడవుల మీద వున్నది.

పురుగును ప్రయోగించే ఉపాయం కూడా వున్నది. 1982-83 ప్రాంతాల్లో బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారు, గుర్రపుడెక్కనే తిని బతికే ముక్కుపురుగులను విదేశాల నుంచి తెప్పించి, పరీక్షించి చెరువుల్లో వదిలారు. కాని దానికి కొన్నేళ్లు ఓపిక కావాలి. మొక్కను ఏటా యంత్రంతో ఎత్తివేసే చోట పురుగు కూడా దాంతోపాటే పోతుంది.

ఇక బకింగ్‌హాం కాలువ. ధాత కరువునాడు, 1876-78లో, కూలి దొరకని జనానికి పని కల్పించడానికి ఇందులో కొంత భాగం తవ్వించారు. నెల్లూరు సీమనుంచి బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో బేసిన్ బ్రిడ్జికి వచ్చేవి. మన పెద్దలు కొందరు ఆ పడవల్లోనే ఈ పట్నం చేరారు. ఇప్పుడు మైలాపూరు వైపు ఆ కాలువలో రైలు స్తంభాలు నిలిచివున్నవి.

కాలువ వెంట ఉత్తరంగా ఎన్నూరు చేరితే ఉప్పునీరు తగులుతుంది. గుర్రపుడెక్క ఉప్పుకు తాళలేదు. అమ్మయ్య అనుకునేలోపల అక్కడ రెండో చుట్టం కనిపిస్తుంది. ఇదీ దక్షిణ అమెరికాదే, నల్లని చిన్న ఆల్చిప్ప. జాలరులు కాక్కా ఆళి అంటారు. ఓడలు నిలకడకోసం పొట్టలో నింపుకొనే సముద్రపు నీటితో వచ్చివుంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. దీన్ని ఎవరూ పిలవలేదు. కేరళలోని అష్టముడి సరస్సులో 2019 నాటికే వున్నది. ఎన్నూరు ఏటి అడుగును చాపలాగా కప్పి, ఇక్కడి గవ్వలకు చోటు లేకుండా చేస్తున్నది. నడుముల లోతు నీళ్లలో దిగి చేతులతో రొయ్యలు ఏరుకొని పిల్లలను పోషించుకునే ఆడవారికి దిగడానికి మెత్తని బురద కరువవుతున్నది. ఈ ఫిర్యాదు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

ఎన్నూరుకు పైన పులికాటు సరస్సు, మనవారి ప్రళయకావేరి. అందులో ఎక్కువ భాగం ఆంధ్రదేశంలోనిదే. ఒక ఒడ్డున తమిళ జాలరి, ఇంకొక ఒడ్డున తెలుగు జాలరి. కృష్ణనీటి టి.ఎం.సి.లను ఒక్కచోట కూర్చుని లెక్క కట్టుకున్న ప్రభుత్వాలు, నీటిలో చేరిన ఈ శత్రువును గురించి కూడా అలాగే కూర్చోవలసి వున్నది.

మరి మన వంతు? ఇంట్లో గాజుతొట్టిలోని మొక్కలనూ చేపలనూ విసుగెత్తినప్పుడు చెరువులో వదిలిపెట్టకుండా వుండడం ఒకటి. మన ఇంటి మురుగు వాననీటి కాలువలో కలుస్తున్నదా, మురుగు గొట్టంలో పోతున్నదా అని విచారించుకోవడం రెండోది. గుర్రపుడెక్కకు ఎరువు ఎక్కడినుంచో రావడం లేదు, మన పెరటి తూములోనుంచే వెళుతున్నది. మట్టిలో వేరు లేని మొక్కను ఎన్ని యంత్రాలతో పెరికితే మాత్రం ఏం లాభం? ముందు దానికి పెట్టే తిండి మానాలి.